వాళ్ళు అడిగింది, నేను రాసింది

మొన్న ఒక ఉదయం ఏదో పార్టీ తరఫున ఇద్దరు పిల్లలు మా ఇంటి తలుపు తట్టారు. దూలపల్లిలో మా మనుమడు కట్టుకున్న ఇల్లు ఇది. అందరూ పనులకు పోయాక వరండాలో పేపరు చదువుకుంటూ మిగిలేది నేనొక్కదాన్నే కాబట్టి నన్నే పట్టుకున్నారు. అమ్మాయి చేతిలో ఫోను, అబ్బాయి మెడలో కండువా. "అమ్మమ్మా, ఎలక్షన్లు వస్తున్నయ్ గదా, మా పార్టీ ముందుగాల జనం మాట ఇందామనుకుంటాంది. మీకు అన్నిటికన్న ముందు ఏం గావాలె?" అని అడిగింది పిల్ల. నేను బాగా ఆలోచించి, బస్సు ఆగే చోట ముసలివాళ్ళు కూర్చోవడానికి ఒక బల్ల, దాని మీద ఇంత నీడ కావాలి అన్నాను. ఆమె ఫోను కిందికీ మీదికీ జరిపి, "గది లిస్టుల లేదమ్మమ్మా. రోడ్లు అని పెడుత, దగ్గర దగ్గర ఒకటే గదా" అన్నది. నాకు సర్రున కోపం వచ్చింది. నేనడిగిందేమిటి, నువ్వు రాసేదేమిటి అని గద్దించబోయాను. ఆ పిల్లను అనే హక్కు ఈ భూమ్మీద ఎవరికైనా ఉందేమో గానీ నాకు లేదు. "పెట్టుకో బిడ్డా, నీ ఇష్టం" అని పంపించేశాను.

మా ఊరు అలియాబాదుకు కొంచెం ఇవతల, శామీర్‌పేట చెరువు నీళ్ళ వాసన గాలికి వచ్చేంత దూరంలో ఉండేది. మా నాయన ఆ ఊరికి పటేలు. ఆయనను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్ళం. పెద్ద వాకిలి, ఎత్తయిన పడసాల, ఇంటి వెనక పశువుల కొట్టం, అక్కడ ఎప్పుడూ పది పన్నెండు ఎడ్లూ బర్రెలూ. మా ఇంటి పొద్దు పేడ వాసనతో మొదలై, పుంటికూర ఉడికే పులుపుతో మధ్యాహ్నమై, పిడకల పొగతో ముగిసేది. ఆ ఇంట్లో నేను ఒక్కగానొక్క ఆడపిల్లను. మా అన్నకు చదువు చెప్పడానికి వచ్చే పంతులు దగ్గర పక్కన కూర్చుని నేనూ అక్షరాలు దిద్దుకున్నాను. అన్న మేడ్చల్ బడికి వెళ్ళిపోగానే పంతులు రావడం మానేశారు, నా చదువు అక్కడితో ఆగింది. చేతిలో ఉన్న నాలుగు పుస్తకాలనే తిప్పి తిప్పి చదివి, అట్టలు ఊడిపోతే మైదాతో అంటించుకునేదాన్ని. బడి అంటే అంత ఆకలి నాకు. ఆ ఆకలిని సాకుగా చెప్పుకోవడం లేదు. అది ఉన్నమాట మాత్రం నిజం.

ఊరికి ఒక పక్కన కిరస్తానపు వాడ ఉండేది. ఇరవై ఇండ్లు, మధ్యలో పెంకులు కప్పిన చిన్న చర్చి. ఆ వాడ ఆడవాళ్ళు ఇంటికొకరు చొప్పున, వంతు ప్రకారం మా కొట్టానికి వచ్చేవారు. పేడ ఎత్తి గంపలతో పెంటకుప్ప మీద పోయాలి, కొట్టం ఊడ్చాలి, చెరువు నీళ్ళు వెనక్కి పోయిన శికం నేలలో గడ్డి కోసి మోపు తేవాలి. దీనికి కొట్టం వంతు అని పేరు. ఒకప్పుడు ఊళ్ళ తనిఖీకి దౌరా వచ్చే అధికారుల గుర్రాల కోసం మొదలైన గడ్డిమోపు అది. గుర్రాలు రాని రోజుల్లో కూడా మా ఎడ్లకు అలవాటైపోయింది. కూలి లేదు. పని అయ్యాక మా అవ్వ ఒక జొన్నరొట్టె ఎత్తు నుంచి వాళ్ళ కొంగులో వేసేది, దోసిట్లో సల్ల పోసేది, చెంబు అంచు తగలకుండా. సల్లలో ఇంత ఉప్పు, అల్లం ముక్క వేయమని నాకు చెప్పేది అవ్వ. చెడ్డదేమీ కాదు. "కడుపు మాడ్చి పంపొద్దు బిడ్డ, ఉసురు తాకుతది" అనేది. వెట్టి పోయిందని సర్కారు ఏనాడో కాగితం రాసిందట. మా కొట్టానికి ఆ కాగితం అందలేదు.

ఆ వచ్చేవాళ్ళలో ఎస్తేరమ్మ అని ఒకామె ఉండేది. యాభై ఏళ్ళుంటాయి, పొడుగు మనిషి, వాడలో ఏ తగువైనా ఆమె మాటతో తెగేది. ఈ రోజు ఎస్తేరమ్మ అని రాస్తున్నాను. అప్పుడు నేను, పన్నెండేళ్ళ పిల్లను, "ఓ ఎస్తేరూ" అని కేకేసేదాన్ని. ఆమె నన్ను చిన్నమ్మా అని పిలిచేది. ఆమె కోడలు రూతమ్మ, నాకంటే ఐదారేళ్ళు పెద్దది, నవ్వితే చెంపలు సొట్టలు పడేవి. మోపు నెత్తిన పెట్టుకుని కూడా నాతో మాటలు పెట్టుకునేది. నా పుస్తకంలో బొమ్మలు చూపిస్తే మోపు దించకుండానే వంగి చూసేది.

నవాబుల రాజ్యం పోయి కొత్త సర్కారు వచ్చిన రోజులవి. ఇగ అందరికీ ఓట్లు వస్తాయని, ఆడవాళ్ళకు కూడా వస్తాయని చెప్పుకునేవారు. అట్లాంటప్పుడు పట్నం నుంచి ఒక పార్టీ మనిషి మా ఊరికి వచ్చారు. పేరు వాసుదేవరావు గారు. మేడ్చల్ స్టేషన్‌లో రైలు దిగి, ఎడ్లబండి ఎక్కమన్నా ఎక్కకుండా నడిచి వచ్చారు. మా పడసాలలో కూర్చుని చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. "అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మా పార్టీ జనానికి ఏం కావాలో జనాన్నే అడిగి, దాన్నే చేస్తుంది. కానీ పది అడిగితే ఒక్కటీ కాదు. వాడకు ఒక కాగితం, కాగితానికి ఒక్కటే కోరిక. అన్నిటికంటే ముందు ఏది కావాలో వాళ్ళనే తేల్చుకోమనండి" అన్నారు. ఆడవాళ్ళ కాగితాలు వేరుగా రావాలనీ, మగవాళ్ళ ముందు వాళ్ళు నోరు విప్పరనీ ఆయనే అన్నారు. రాసేవాళ్ళెవరు అన్నప్పుడు బాపు నా వైపు చూపించారు. కొత్త సర్కారులో పటేండ్ల గతి ఏమవుతుందోనన్న బెంగ బాపుకు ఉండేది. పార్టీకి దగ్గర కావడానికి కూతురి దస్తూరీ కూడా పనికొస్తుందని అనుకున్నారేమో. నేను వాడకు బయలుదేరేటప్పుడు మాత్రం వాకిట్లో ఆపి, "సుగుణా, ఏం రాసినవో ముందు నాకు సూపెట్టి ఆయనకియ్యి" అన్నారు.

చర్చి అరుగు మీద నాకు ఒక గోనెసంచి పరిచారు. వాడ ఆడవాళ్ళంతా కింద కూర్చున్నారు. వాసుదేవరావు గారి మాటలు పొల్లుపోకుండా చెప్పాను. ఆ తర్వాత జరిగిన చర్చ వంటిది నా జీవితంలో మళ్ళీ చూడలేదు. చాలా సభలకు వెళ్ళాను కనుకనే అంటున్నాను. ఒకామె బాయి కావాలంది. ఒకామె ఇండ్ల జాగా అడుగుదమంది. ఇంకొకామె లేచి, "కొట్టం వంతే పూరాగ తీసెయ్యమని అడుగుదం" అన్నది. అందరూ ఒక్క క్షణం నా వైపు చూసి తలలు దించుకున్నారు. అప్పుడు ఎస్తేరమ్మ మాట్లాడింది.

"పూరాగ తియ్యమంటె ఎవ్వడూ తియ్యడు. కాయిదం పొయ్యిల వడ్తది. బాయి లేకుంటె చెరువుంది. జాగ లేకుంటె ఇరుకుల పంటం. బాలెంత సంగతేంది? పదకొండో దినం నాడే మోపెత్తుడు. నాకిద్దరు పిల్లలు గట్లనే పొయ్యిండ్రు. గీమె ఇప్పుడు ఏడో నెల." అని రూతమ్మ భుజం మీద చెయ్యి వేసింది. "బాలెంతకు మూన్నెల్లు వంతు తప్పియ్యాలె. గంతే. గీ ఒక్కటి అడిగితె దేవుడు గూడ కాదనడు."

ఎవరూ ఎదురు చెప్పలేదు. బాయి అడిగినామె కూడా ఔనన్నది. "రాయి చిన్నమ్మా" అన్నది ఎస్తేరమ్మ. నేను కాగితం మోకాలి మీద పెట్టుకుని, పైన ఊరి పేరు, వాడ పేరు రాశాను. 'పటేలు గారి ఇంట కొట్టం వంతు' అని రాయాలి. కలం ఆగిపోయింది. ఆ కాగితం మొదట చూసేది బాపు. తర్వాత చూసేది పట్నం నుంచి వచ్చిన పెద్దమనిషి, ఆయనకు మా ఇల్లు మర్యాదగల ఇల్లు. మా అవ్వ సల్ల పోసే చెయ్యి, మా ఎడ్ల గడ్డి, అన్నీ ఆ కాగితం మీదికి ఎక్కుతాయి. భయపడ్డాను. అది ఒక్కటే అయితే ఈ రోజు ఇంత సిగ్గు ఉండేది కాదు. భయం వెనకే ఆశ వచ్చింది. అడిగితే ఇస్తారట కదా, ఒక్కటే కోరిక కదా అనుకున్నాను. 'మా ఊరికి ఆడపిల్లల బడి కావలెను' అని రాశాను. గుండ్రంగా, పంతులు మెచ్చుకునే అక్షరాలతో రాశాను.

ఆ రోజుల్లో వేలిముద్ర వేయించే ముందు, రాసినదాన్ని చదివి వినిపించడం రివాజు. విన్నాకే ముద్ర పడేది. "సదువు చిన్నమ్మా" అన్నారు. కాగితం ముఖానికి ఎదురుగా పట్టుకుని, బడి అని రాసి ఉన్న వాక్యం మీద చూపు నిలిపి, "బాలెంతకు మూడు నెలలు కొట్టం వంతు తప్పించవలెను" అని చదివాను. ఆడవాళ్ళు ప్రార్థనలో లాగా తలలు వంచుకుని విన్నారు. రూతమ్మ నెమ్మదిగా "ఆమెన్" అన్నది. ఆముదంలో దీపం మసి కలిపి తెచ్చారు. ఒక్కొక్కరూ వచ్చి నేను వేలు పెట్టి చూపిన చోట బొటనవేలు అద్దారు. పొలం పనులకు, పేడకు పగిలిన వేళ్ళు. కొన్నిటికి గీతలే అరిగిపోయి ముద్రలో నల్లటి మచ్చ మాత్రమే పడింది.

బాపు కాగితం చదివి, మళ్ళీ చదివి, "గిది వాళ్ళడిగిండ్రా?" అన్నారు. ఔను బాపు అన్నాను. కాసేపు నన్నే చూసి, నవ్వి, నా తల మీద చెయ్యి పెట్టి, "తెలివిగల్లదానివి బిడ్డా" అన్నారు. బాపు నన్ను మెచ్చుకున్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆ రోజు నాకు కలిగింది సంతోషమే. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా.

రూతమ్మకు ఆడపిల్ల పుట్టింది. పదకొండో రోజు దాటగానే వంతు వచ్చింది. ఎస్తేరమ్మ వెనక దర్వాజ దగ్గరికి వచ్చి, "పెద్దమ్మా, గీసారి నేనే రెండు వంతులు జేస్త, పోరి పచ్చి బాలెంత" అని బతిమాలింది. అవ్వ మజ్జిగ చిలుకుతూనే, "ఒక్కదాన్ని ఇడిస్తె రేపు అందరూ గదే అంటరు ఎస్తేరూ. వంతు వంతే" అన్నది. అప్పుడు ఎస్తేరమ్మ, "కాయిదం పోయింది గద పెద్దమ్మా, జవాబు రానీయి" అన్నది. అవ్వకు ఏ కాగితమో అర్థం కాలేదు. నేను స్తంభం చాటున నిలబడి విన్నాను. రూతమ్మ పిల్లను గంపలో పెట్టుకుని వచ్చింది. కొట్టం పక్క నీడన గంప దించి పని చేసుకుంది. మూడో రోజు చెరువు నుంచి పచ్చిగడ్డి మోపుతో వస్తూ మా వెనక దర్వాజ ముందు కూలబడింది. మోపు అవతల పడింది. చీర కింది భాగమంతా తడిసి ఎర్రబడింది. ఎస్తేరమ్మ పరుగెత్తుకొచ్చింది. వచ్చి, ముందు ఆ మోపును ఎత్తి లోపల ఎడ్ల ముందు వేసి, తర్వాత కోడలిని లేవనెత్తింది. నేను చూస్తూ నిలబడ్డాను. నీళ్ళ చెంబు ఇద్దామని కూడా తోచలేదు. రూతమ్మ బతికింది కానీ నడుము మళ్ళీ నిలవలేదు, ఇంకో కాన్పూ లేదు. ఇరవై ఏళ్ళు నిండని మనిషి చెయ్యి మోకాలి మీద ఆనించి నడిచేది.

బడి మాత్రం వచ్చింది. ఆ పార్టీ మాట తప్పిందని నేను ఎప్పుడూ అనను. ఎవరెవరి చుట్టూ తిరిగారో గానీ వాసుదేవరావు గారు కొన్ని నెలలకే పంతులమ్మను, పలకలను, నల్లబల్లను పంపించారు. వేరే కట్టడం లేదు కాబట్టి మా పడసాలే బడి అయింది. ప్రారంభం రోజున పందిరి వేశారు. ఆయన నా కాగితాన్ని పైకెత్తి చూపించి, "ఈ ఊరి పేద ఆడవాళ్ళు బాయి అడగలేదు, జాగా అడగలేదు. బడి అడిగారు. మా పార్టీ అక్షరం మార్చకుండా అదే ఇచ్చింది" అని చదివి వినిపించారు. అందరూ చప్పట్లు కొట్టారు. పందిరి బయట, ఎండలో, వాడ ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. నేను తేలు కుట్టిన దొంగలా మొదటి వరుసలో కూర్చుని ఉన్నాను.

సభ అయ్యాక ఎస్తేరమ్మ వెనక దర్వాజ దగ్గరికి వచ్చింది. ఇక అయిపోయింది అనుకున్నాను. అడుగుతుంది, అందరి ముందు అడుగుతుంది, అడిగితే బాగుండునని కూడా ఒక మూల ఉంది. ఆమె గొంతు తగ్గించి, "చూసినవా చిన్నమ్మా, పట్నపోళ్ళు ఎట్ల మార్చిండ్రో. నువ్వు సదివింది నేను నా చెవులతోని ఇన్న. ఈడికెళ్ళి పొయ్యెదాంక కాయిదం మంచిగనే ఉండె. నువ్వేం పరేషాన్ గాకు, నీ తప్పేం లేదు" అన్నది. నన్ను ఓదార్చడానికి వచ్చింది ఆమె. నేను తల ఊపాను.

ఆ బడిలోనే నేను చదివాను, ఆ చదువుతోనే పంతులమ్మనయ్యాను. ఈ రోజు నాకు ఉన్న మర్యాద, మా పిల్లల చదువులు, ఈ వాక్యాలు రాస్తున్న చెయ్యి, అన్నిటికీ మొదలు ఆ అబద్ధమే. పార్టీలు జనం మాట వినవని ఇప్పుడు టీవీల్లో గంటలకొద్దీ తిడుతుంటారు. మా మనుమడు కూడా తిడతాడు. నేను ఆ మాటల్లో కలవలేను. ఒక పార్టీ మా ఊరికి నడిచి వచ్చి, అడిగి, విన్నదాన్ని అక్షరాలా చేసింది. దాని చెవి దగ్గర కూర్చున్నది నేను. ఈ కాలపు పిల్ల బస్సు బల్లను రోడ్లలో కలిపేసినా నాకు ఎదురుగా చెప్పి మరీ కలిపింది. నేను ఆ పాటి నిజాయితీ కూడా చూపలేదు.

మొదటి ఓట్లు దగ్గరికొచ్చినప్పుడు పార్టీ మళ్ళీ కాగితాలు అడిగింది. ఈసారి ఎస్తేరమ్మ తనంత తానే నన్ను వెతుక్కుంటూ వచ్చింది. రూతమ్మ బిడ్డ మేరి ఆమె చంకలో ఉంది. "ఒకటి రాయి చిన్నమ్మా. మేరికి అయిదేండ్లు వచ్చెటాల్లకు బడిల లోపట కూసోనియ్యాలె" అన్నది. వాడ పిల్లలు వస్తే పడసాల ఎక్కకుండా వాకిట్లోనే కూర్చోవాలనేది మా ఇంటి పద్ధతి. పంతులమ్మ కూడా దాన్ని మార్చలేకపోయింది. బాలెంతల సంగతి అడగవా ఎస్తేరమ్మా అన్నాను. ఆమెను అట్లా పిలవడం అదే మొదలు. "మా ఇంట్ల ఇగ బాలెంత యాడిది" అన్నది, కోపం లేకుండా.

ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. రాసింది రాసినట్టు చదివాను. వేలు అద్దాక, పార్టీకి పంపుదామని నేను కాగితం మడవబోతే ఆగమన్నది. "గిది వాళ్ళకియ్యకు. నీ తాన్నే పెట్టుకో."

"ఇయ్యకుంటె వాళ్ళకెట్ల తెలుస్తది?"

"ఒకపారి ఇచ్చినం గద. మల్ల మారుస్తరు. ఎన్నడన్న మంచోళ్ళు రాకపోతరా, అప్పుడిద్దువు. నువ్వయితె మార్చవు."

అప్పుడు చెప్పవలసింది. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే ఆమె నా ముఖాన ఉమ్మేసి పోయేది, కాగితం పట్నానికి పోయేది. నేను దాన్ని నాలుగు మడతలు పెట్టి నా బట్టల పెట్టెలో దాచాను. ఓట్ల రోజున వాడ మగవాళ్ళు కొందరు వెళ్ళారు. ఆడవాళ్ళు ఒక్కరూ గడప దాటలేదు. ఎస్తేరమ్మ వద్దని చెప్పిందట.

వారం తర్వాత వాసుదేవరావు గారు మా ఇంటికి వచ్చి పడసాలలో కూర్చున్నారు. బాపు ఊళ్ళో లేరు. నేను మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను. ఆయన ముఖం నిజంగానే వాడిపోయి ఉంది. "సుగుణమ్మా, ఆ వాడ వాళ్ళను నీకంటే బాగా ఎరిగినవాళ్ళు లేరు, అందుకే నిన్ను అడుగుతున్నాను. వాళ్ళు అడిగిందే కదా ఇచ్చాం? మరి ఎందుకు రాలేదు? మేం విననిది ఇంకేమైనా ఉందా? ఉంటే చెప్పు తల్లీ, ఈసారి అదే చేస్తాను" అన్నారు. నా బట్టల పెట్టె ఆ పడసాలలోనే, నా వెనక గోడకు ఆనుకుని ఉంది.

"నాకు తెలువదు సార్" అన్నాను.

పెట్టెకు తాళం కూడా వేసి లేదు.